సాంచాల గదిలో పోచవ్వ

ఆగస్టు 3, ఆదివారం

జగిత్యాల నుంచి ఇప్పుడే వచ్చాను. అన్నం తినబుద్ధి కాలేదు.

మహేందర్ నన్ను నలుగురిలో నవ్వులపాలు చేశాడు. వాడు నా భార్య తమ్ముడు కాబట్టి ఊరుకున్నాను. వేరేవాడైతే ఏం చేసేవాడినో. ఏమీ చేసేవాడిని కాదు, అది నాకూ తెలుసు.

వాడి కంప్యూటర్ సెంటర్‌కు వచ్చే కాలేజీ వాళ్ళను కూర్చోబెట్టి, ఫోన్లు చేతికిచ్చి, నా ఆట ఆడించాడు. నాలుగేళ్ళు కూర్చుని చేసిన ఆట. పగలంతా కోరుట్లలో ఎరువుల దుకాణం చిట్టా రాసి, ఇంటికొచ్చాక వీడియోలు చూసి ప్రోగ్రాం నేర్చుకుని, ఒక్కో గది, ఒక్కో దయ్యం పేర్చుకుంటూ వచ్చాను. అందులో ముసలమ్మ పేరు పోచవ్వ. మా నాయనమ్మ పేరే. తాటిచెట్ల కింద కల్లు అమ్మి, తాగి వాగేవాళ్ళను ఒక్క మాటతో కూర్చోబెట్టిన మనిషి. ఆటలో ఆమె మేడిపల్లి నుంచి సిరిసిల్ల దాకా నడుస్తుంది. దారిలో దయ్యాలు అడ్డమొస్తాయి. తన వంతు వచ్చినప్పుడు పోచవ్వ ఒక మాట అని తాడెక్కే మోకుతో కొడుతుంది, లేకపోతే కల్లు లొట్టి విసురుతుంది. తర్వాత దయ్యం వంతు. పోచవ్వ వంతులో ఆడేవాడు ఎంతసేపు ఆలోచించుకున్నా దయ్యం కదలదు. టర్న్ బేస్డ్ అంటే అదే.

మహేందర్‌కు కావలసింది యాక్షన్. ఆగేది ఉండదు. వేళ్ళు ఎంత వేగంగా కదిలితే అంత కొట్లాట.

“బావా, గీ ముసలమ్మ కొట్టంగనే దయ్యం చేతులు కట్టుకొని నిలవడతదేంది? గిది దయ్యమా, పెండ్లికొచ్చిన చుట్టమా?” అన్నాడు.

అందరూ నవ్వారు. ఒకడు “బోర్ కొడ్తుంది సార్” అని ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టాడు. బోర్లా!

నేను నీళ్ళు తాగాను.

బస్సు సగం దారికి వచ్చాక జవాబు తట్టింది. “చుట్టానికైనా ఎదుటోని మాట అయ్యేదాక ఆగే మర్యాద ఉంటది. నీకు గా మర్యాద గూడ లేదు.” ఇదీ అనవలసింది. ఇక్కడ రాస్తున్నాను. ఇక్కడైతే మధ్యలో ఎవరూ కొట్టరు.

ఆగస్టు 4

ఇంకో జవాబు కూడా తట్టింది. మొదటిదాని కంటే మంచిది. చదరంగంలో ఎదుటి బంటు ఆగుతుంది కదా, అది బోరా అని అడగవలసింది.

ఆగస్టు 9, రాఖీ

మహేందర్ అక్క చేత రాఖీ కట్టించుకోవడానికి వచ్చాడు. సంగీత మిఠాయి నోట్లో పెట్టింది. మిఠాయి మింగకముందే మొదలుపెట్టాడు.

హైదరాబాదులో ఫోన్ ఆటలు విడుదల చేసే కంపెనీ ఒకటి, వాడు పంపిన మా పోచవ్వ బొమ్మలు చూసి జవాబు రాసిందట. సెప్టెంబర్ ఇరవై లోపల పది నిమిషాల ఆట పంపమన్నారు. నచ్చితే మిగతా ఆటంతా వాళ్ళే చేయిస్తారు. నచ్చకపోతే పోచవ్వ నా కంప్యూటర్‌లోనే ఇంకా ముసలిదైపోతుంది. వాడి మాట ప్రకారం వంతుల కొట్లాట చూస్తే రెండు నిమిషాలకే మూసేస్తారు.

“నేనొక గది మార్చి తెచ్చిన, సూడు బావా.”

చూశాను. నన్ను అడగకుండానే మార్చాడు. మా నాయనమ్మ గాలిలో పల్టీలు కొడుతోంది. మోకు సుదర్శన చక్రంలా తిరుగుతోంది. సరే, అదీ పోనీ. పోచవ్వ “నీ లెక్కటోళ్ళు నా లొట్టిల పడి...” అని మొదలుపెట్టేలోపే దయ్యం కొడుతోంది, మాట తెగిపోతోంది. మళ్ళీ “నీ లెక్క...” మళ్ళీ తెగింది. ఆట అయ్యేదాకా ఒక్క మాట పూర్తి కాలేదు. బతికున్నన్నాళ్ళూ ఎవడూ మూయించలేని నోరు అది. నా ఇంట్లో, నా చాప మీద కూర్చుని వీడు మూయించాడు.

చాలా అనాలని ఉంది. నోటికి వచ్చింది ఒక్కటే. “మరి దేవదాస్ ఎట్ల ఆడుతడు?”

దేవదాస్ నా చిన్ననాటి దోస్తు. సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు నడుపుతాడు. నిరుడు కుడిచెయ్యి సాంచలో పడింది. రెండు వేళ్ళు వంగవు. నా ఆటలో ప్రతి గదీ మొదట ఆడేది వాడే. వంతుల ఆట కాబట్టి ఆడగలుగుతున్నాడు.

మహేందర్ తల వంచుకుని పళ్ళెంలో చూస్తూ కూర్చున్నాడు. గెలిచానని అనిపించింది.

సంగీత బీడీలు చుడుతూనే అంది. “దేవదాస్ అన్నను అడిగినవా మరి?”

“అడుగుడేంది? నాకు తెల్వదా?”

ఆగస్టు 10

అడగవలసిన పని లేదు.

ఆగస్టు 14

దేవదాస్‌కు ఫోన్ చేయలేదు. షెడ్డులో చప్పుడుకు ఎలాగూ వినపడదు. వాడి కోసం సిరిసిల్ల గది తయారుచేస్తున్నాను. ఎనిమిది సాంచాలు, ఎనిమిది దయ్యాలు. ఒకదాని తర్వాత ఒకటి లేస్తుంది. కంపెనీకి ఇదే పంపుతాను. దేవదాస్ ఆడి గెలిచాక మహేందర్ ముఖం చూడాలి.

ఆగస్టు 21

యూరియా లారీ వచ్చింది. తెల్లారకముందే దుకాణం ముందు జనం. నిలబడలేక చెప్పులు వరుసలో పెట్టి గోడ నీడకు కూర్చున్నారు. రోడ్డు మలుపు దాకా చెప్పులే. నాకు ఆ వరుస చూస్తే ముచ్చటేసింది. మనిషి లేకపోయినా అతని వంతు ఉంది, ఎవడూ తొక్కడం లేదు. మహేందర్‌ను పిలిచి చూపించాలనుకున్నాను. ఫొటో కూడా తీశాను.

పది గంటలకు షట్టర్ ఎత్తాం. అంతే. చెప్పులు ఎగిరిపోయాయి. అందరూ ఒక్కసారిగా మీద పడ్డారు. సేటు వెనక గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. నేను చిట్టా గుండెకు పట్టుకుని “వరుసల రాండ్రి, వరుసల రాండ్రి” అంటున్నాను. ఎవరికీ వినపడలేదు. నాకే సరిగా వినపడలేదు.

కథలాపూర్ నుంచి వచ్చిన సత్తవ్వ అనే ముసలామె అందరినీ మోచేతులతో తోసుకుంటూ గల్లా దగ్గరికి వచ్చేసింది. కాళ్ళకు చెప్పుల్లేవు.

“అవ్వా, నీ వంతు ఎన్నడొస్తదో అప్పుడు రా” అన్నాను. ఒళ్ళు మండి ఉంది. ఆమె మీద కాదు.

“నా వంతా? నా వంతు గా మోరీల వడ్డది, సూడు పో.” నిజంగానే ఆమె చెప్పు ఒకటి మురికికాలువలో ఉంది. “నా చెప్పులు తెల్లారగట్ల మూడింటి నుంచి నిలవడ్డయి కొడుకా. చెప్పులకిస్తవా బస్తా? ఇయ్యవు గద! గందుకే నేనొచ్చిన.”

బస్తా ఇచ్చాను. ఫోన్‌లోంచి ఆ ఫొటో తీసేశాను.

ఆగస్టు 24, ఆదివారం

సిరిసిల్ల. ఆదివారం సాంచాలు బందు. దేవదాస్ ఇంట్లోనే ఉన్నాడు. ప్రార్థనకు వెళ్ళి వచ్చి, తెల్లచొక్కా కూడా విప్పకుండా కూర్చుని సిరిసిల్ల గది ఆడాడు. వాడు మెచ్చుకుంటాడని ఎదురుగా కూర్చున్నాను. మొదటి సాంచ లేచి కొట్టి కూర్చుంది. రెండోది లేచింది. మూడోది లేచేసరికి వాడికి నవ్వు ఆగలేదు.

“ఏందిరా శ్రీహరీ ఇది? సాంచాల షెడ్డా, సర్కారు బడా? ఒక్కొక్కటి లేచి హాజరు సార్ అన్నట్టు కొడ్తున్నయి! సాంచాలు వంతులేసుకుంటయారా?”

“ఆట కదరా.”

“ఆటయితేంది? నువ్వు మా షెడ్డుకు ఎప్పుడొచ్చినవ్? అన్నం యాళ్లకు. అన్నీ పండుకున్నప్పుడు. నీకేమెరుక?”

తర్వాత జరిగింది రాయాలో వద్దో. రాస్తాను. వాడి ఫోన్‌లో పక్కనే ఇంకో పోచవ్వ ఉంది. పల్టీలు కొట్టే పోచవ్వ. మహేందర్ ఎప్పుడో పంపాడట. రాఖీకి ముందు నుంచే ఆడుతున్నాడట. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని, ఎడమచేతి వేళ్ళతో కొడుతూ, కుడిచేతి పిడికిలి అంచుతో పరిగెత్తిస్తూ, రెండు దయ్యాలను ఒకేసారి మట్టి కరిపించి చూపించాడు. మురిసిపోతూ చూపించాడు.

రాఖీనాడు మహేందర్ తల ఎందుకు వంచాడో అప్పుడు తెలిసింది. నవ్వు దాచుకున్నాడు.

“నువ్వు ఏమనుకుంటవో అని చెప్పలే” అన్నాడు దేవదాస్. వాళ్ళావిడ విజయ టీ తెచ్చింది. తాగకుండా వచ్చేశాను.

ఆగస్టు 25

వాడి కోసమే వంతుల కొట్లాట పెట్టాను.

వాడి చెయ్యి కోసమే నాలుగేళ్ళు ఈ ఆట ఇలా చేశాను.

చెయ్యి పోయింది నిరుడు. సరే. అయినా వాడి కోసమే.

ఆగస్టు 27, చవితి

ఏమీ రాయను.

సెప్టెంబర్ 1

ఆట ఫైళ్ళన్నీ ఉన్న చోట, మహేందర్‌కు నేనే చెప్పి ఉంచిన పాస్‌వర్డ్ మార్చేశాను. మహేందర్ ఇక తెరవలేడు. ఒక్క మాట కూడా అనలేదు. తాళం వేశాను. అంతే.

సెప్టెంబర్ 3

మహేందర్ పదిసార్లు ఫోన్ చేశాడు. నేను ఎత్తలేదు. అక్కకు చేశాడు.

“తమ్మునికి తాళం ఏసినవట?” అంది సంగీత. తునికాకు కత్తిరిస్తూ తలెత్తలేదు. నేను చిట్టా తెరిచాను.

“నీ నోటికేసుకున్నది సాలదా, ఇంక ఊరందరికీ ఏస్తున్నవ్?”

దీనికి జవాబు ఇంకా తట్టలేదు.

సెప్టెంబర్ 6

తట్టలేదు.

సెప్టెంబర్ 8

దేవదాస్ మెసేజ్. “రేపు షెడ్డుకు రా. అన్నం యాళ్లకు కాదు. పొద్దున్నే రా.” వెళ్ళను. తప్పు వాడిది. నేనెందుకు వెళ్ళాలి?

సెప్టెంబర్ 9

వెళ్ళాను.

చప్పుడు గురించి ఎలా రాయాలో తెలియడం లేదు. వీధి చివర నుంచే వస్తుంది గానీ లోపల అడుగు పెట్టాక అది చప్పుడు కాదు. ఒంటికి తగులుతుంది. పళ్ళు అదురుతాయి. నేను దేవదాస్‌ను పిలిచాను, నా గొంతు నాకే వినపడలేదు. అక్కడ ఎవరూ మాట్లాడరు. కనుబొమ్మ ఎగరేస్తే ఒక అర్థం, వేలు తిప్పితే ఒక అర్థం.

దేవదాస్ చూసుకునేవి ఎనిమిది. ఒకదాంట్లో, అటూ ఇటూ ఉరికే నాడెలో నూలు కండె అయిపోయి ఆగిపోయింది. అటు వెళ్ళేలోపు ఇటుపక్క దాంట్లో పోగు తెగింది. అది ఆగదు, తప్పు గుడ్డ నేస్తూనే పోతుంది. వాడు కండె మారుస్తూనే తల తిప్పాడు. వెనక ఎక్కడో చప్పుడులో చిన్న తేడా. ఇంత గోలలో ఆ తేడా ఎలా వినపడిందో! వంగని రెండు వేళ్ళ మధ్య పోగును కొక్కెంలా ఇరికించుకుని, ఎడమచేత్తో ముడేసి, ఇంకోదాని దగ్గరికి ఉరికాడు. నేను దారిలో నిలబడ్డాను. భుజంతో నెట్టేశాడు. కోపంగా కాదు, బస్తాను జరిపినట్టు.

ఒక్క సాంచ కూడా ఇంకోదాని కోసం ఆగలేదు. నేను రాసిన గది గుర్తొచ్చి సిగ్గేసింది. సిగ్గేసేసరికి ఇంకా కోపం వచ్చింది. ముందే చెప్పొచ్చు కదా. నాలుగేళ్ళు నా వంతుల ఆట ఆడి బాగుంది బాగుంది అన్నాడు కదా.

బయట టీకొట్టు దగ్గర అదే అడిగాను. చెవులు ఇంకా మూసుకుపోయి ఉండటం వల్ల గట్టిగా అరిచినట్టున్నాను. టీ పోసేవాడు తిరిగి చూశాడు.

“బాగుంది గనుకనే బాగుందన్న” అన్నాడు దేవదాస్. “పన్నెండు గంటలు ఉరికి ఇంటికొస్తే, ఆగే దయ్యం మంచిగనే అనిపిస్తది. పోచవ్వ మాటలు నా పెండ్లాం గూడ ఇనేది. నాకు రెండూ గావాలె. నువ్వు ఒక్కటే పెడ్తనని కూసున్నవ్.”

“నీ చెయ్యి...”

“నా చేతి పేరు జెప్పకు.” గ్లాసు కింద పెట్టాడు. “గిదే చేత్తోని ఎనిమిది సాంచాలు నడిపిస్తున్న. సేటు ఒక్కటి గూడ తగ్గియ్యలే. నువ్వేమో మహేందర్ ఇంట్ల, మీ ఇంట్ల, దేవదాస్ ఆడలేడు, దేవదాస్ ఆడలేడు అని చెప్పుకుంట తిరుగుతున్నవ్. నేను చెప్పమన్ననా? నీకు ఆగుడు గావాలె. నీకు గావాలని జెప్పు! తప్పేమున్నది? నడుమ నన్నెందుకురా అవిటోన్ని చేస్తవ్?”

నేను ఆలోచిస్తున్నాను.

“చేసినవ్ మల్ల” అన్నాడు. “నేనిన్ని మాటలంటే నువ్వు గ్లాసుల చూస్తున్నవ్. ఇంటికి పోయి బదులిస్తవ్. గోడకిస్తవా బదులు?”

ఈ పుస్తకం గురించి వాడికి తెలియదు.

“నాకే గావాలె” అన్నాను. “నాకు ఎంటనే మాట రాదు.”

“తెలుసు తియ్యి. ఒకటో తరగతి నుంచి తెలుసు” అని నా టీకి కూడా వాడే ఇచ్చి షెడ్డులోకి పోయాడు. పక్కవాడికి అప్పజెప్పి వచ్చిన సాంచాలు అలాగే నడుస్తున్నాయి.

సెప్టెంబర్ 10

సాంచాల గదిలో ఎవరూ మాట్లాడరు. పోచవ్వ నోరు కూడా అక్కడ పనిచేయదు. మాట లేని చోట మాట కోసం ఆగడం ఎందుకు?

మహేందర్ చెప్పింది మాత్రం తప్పే. వాడు చెప్పింది ఈ గది గురించి కాదు.

సెప్టెంబర్ 14, ఆదివారం

జగిత్యాల వెళ్ళాను. బస్సులో అనవలసినవన్నీ వరుసగా పేర్చుకున్నాను. మొదట ఇది, తర్వాత అది. సెంటర్‌లో ఆరోజున్న వాళ్ళే కొందరు ఉన్నారు. ఫోన్ బోర్లా పెట్టినవాడూ ఉన్నాడు.

నేను గడప దాటానో లేదో మహేందర్ లేచాడు. “అచ్చినవా బావా! తాళంచెవి తెచ్చినవా? ఇంక ఆరు రోజులే ఉన్నది, ఆల్లు అడిగితే నేనేం జెప్పాలె, మా బావ అలిగి పండుకున్నడని చెప్పాలెనా...”

“నోర్ముయ్” అన్నాను.

బస్సులో పేర్చుకున్న వరుసలో అది లేదు.

ఇక ఆ తర్వాత ఏ వరుసా లేదు. పోచవ్వ నోరు మూయించావన్నాను. అడగకుండా దేవదాస్‌కు పంపావన్నాను. పళ్ళెంలో చూసి నవ్వావన్నాను. చదరంగం అన్నాను. చుట్టానికైనా మర్యాద ఉంటుంది, నీకు లేదన్నాను. గొంతు కీచుమంది. ఎవరి ముఖమూ కనిపించలేదు.

మహేందర్ నోరు తెరిచి నిలబడ్డాడు. “ఏ చుట్టం బావా?”

“పెండ్లికొచ్చిన చుట్టం! నువ్వే అన్నవ్. ఆగస్టుల.”

వాడికి గుర్తు లేదు. నిజంగానే లేదు. నేను నలభై రోజులు మోసిన మాట వాడికి ఆ సాయంత్రానికే పోయింది.

“నిన్నెవలాపిండ్రు బావా?” అన్నాడు. ఈసారి వెటకారం లేదు. “నేనేదన్నా అంటే నువ్వు నీళ్ళు తాగుతవ్. ఊ అనవు, ఆ అనవు. ఒప్పుకున్నవనుకున్న. గది మార్చింది గూడ గందుకే. రాఖీనాడు వద్దు అని ఒక్క ముక్క అంటే నేను ఆన్నే తీసేద్దును గద!”

బోర్లా పెట్టినవాడు లేచి నాకు కుర్చీ వేశాడు. కూర్చోలేదు. నిలబడే చెప్పాను. సాంచాల గది యాక్షన్‌లో ఉంటుంది. ఎనిమిదీ ఒకేసారి నడుస్తాయి, పోచవ్వ సైగలే చేస్తుంది, మాట ఉండదు. ఆ గది దాటి బయటికి రాగానే చప్పుడు ఆగుతుంది. అక్కడినుంచి మళ్ళీ వంతులు, మళ్ళీ పోచవ్వ మాటలు. ఒక్కటి కూడా తెగడానికి వీల్లేదు.

“రెండు తీర్లా? గట్లెవలు చేస్తరు బావా?”

“నేను చేస్త.”

కొత్త పాస్‌వర్డ్ చెప్పాను. పోచవ్వ పేరే. వాడు ఊహించి చూసుంటే తెరుచుకునేది. వాడికి అలా తోచనందుకు కూడా నాకు కోపం వచ్చింది.

సెప్టెంబర్ 17

మూడు రోజులుగా సాంచాల గది. నేను మొదటి సాంచ దగ్గరే చస్తున్నాను. మహేందర్ నాలుగు దాకా పోతున్నాడు. చప్పుడు దేవదాస్ షెడ్డులోదే, ఫోన్‌లో పట్టి పంపాడు. పోగు తెగినప్పుడు వచ్చే తేడా నాకు ఇప్పటికీ వినపడదు. వాడు చెప్పిన చోట పెట్టాను.

గది బయటికి వచ్చిన పోచవ్వ అనే మొదటి మాట మార్చాను. “నా వంతు మోరీల వడ్డది, గందుకే నేనొచ్చిన.” సత్తవ్వ మళ్ళీ యూరియాకు వస్తే ఆమెకు చెప్పాలి. నవ్వుతుందో, తిడుతుందో.

సెప్టెంబర్ 19

దేవదాస్ ఎనిమిదీ దాటాడు. రెండోసారికే. విజయ ఫోన్ పట్టుకుని వీడియో తీసింది. బయటికి రాగానే పోచవ్వ మాట పూర్తిగా వినపడింది, వెనక నుంచి విజయ నవ్వు కూడా. తర్వాత వాడు ఫోన్ చేసి “చప్పుడు బందైనంక చెవులు గుయ్యిమంటయి గద, గా గుయ్యిమనుడు పెట్టలే నువ్వు” అన్నాడు. పెట్టాను.

కంపెనీకి పంపేశాం. మొదటి రెండు నిమిషాల్లో ఏమనుకుంటారో తెలియదు.

సెప్టెంబర్ 21

ఎంగిలిపూల బతుకమ్మ. సంగీత తంగేడు పూలు పరుచుకుని కూర్చుంది. నేను చిట్టా ముగించి ఇది తెరిచాను. వారం నుంచి ఎవరెవరికి ఏం జవాబు చెప్పాలో రాద్దామని చూస్తే, ఏమీ మిగల్లేదు.

బోర్ అన్నవాడిని మాత్రం క్షమించలేదు. కుర్చీ వేసినా సరే.

ఇప్పుడే మహేందర్ ఫోన్. “బావా, నాకొకటి తట్టింది, మేడిపల్లి గది గూడ యాక్షన్ చేస్తే...”

“వద్దు” అన్నాను, వాడి మాట పూర్తికాకముందే.